నెలకు 42 వేల జీతంతో ఖరీదైన ట్రావెల్ కార్డు: అడగవచ్చా, ఊరుకోవాలా?

బ్రాడీపేట వాసి:

గుంటూరులో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్కలు చెబుతాను. చేతికొచ్చేది నెలకు 42,000. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టి ఎనిమిది తొమ్మిది వేలు తెస్తుంది, పెళ్లిళ్ల రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. అప్పులు లేవు. సిబిల్ స్కోరు 781. ఆరేళ్లుగా ఒకటే క్రెడిట్ కార్డు, పరిమితి 90,000. ఒక్క నెల కూడా గడువు దాటలేదు.

అమ్మకు కాశీ వెళ్లాలని ఉంది. మోకాళ్ల నొప్పులతో అంత దూరం రైల్లో కూర్చోలేదు. గన్నవరంలో ఎక్కి హైదరాబాదులో మారి విమానంలో తీసుకెళ్లాలని నా ఆశ. ట్రావెల్ కార్డు ఒకటి చూశాను. ఏడాదికి ఫీజు 5,000, పైన 18 శాతం జీఎస్టీ. చేరగానే 2,500 మైళ్లు, అంటే విమాన టికెట్లకు మార్చుకునే పాయింట్లు. విమానాశ్రయాల్లో లాంజి, అంటే కూర్చుని తినే విశ్రాంతి గది. అన్నీ బాగున్నాయి కానీ ఏడాదికి కనీసం 9 లక్షల ఆదాయం ఉండాలట. నాది 5 లక్షల 4 వేలు.

కార్డులు అమ్మే కుర్రవాడు ఒక ఉపాయం చెప్పాడు. "మేడమ్ గారి పేరు మీద కుట్టుపని ఆదాయం 10 లక్షలని రిటర్ను వేయించండి సార్. పన్ను ఎలాగూ పడదు, కార్డు ఆవిడ పేరు మీద వచ్చేస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి మనసు అటూ ఇటూ ఊగుతోంది. ఇలా చేసినవాళ్లు ఉన్నారా? అసలు నాలాంటివాడికి ఈ కార్డు అవసరమా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఆటోనగర్ విడిభాగాలు:

మాస్టారూ, తప్పకుండా ప్రయత్నించండి. మన ఊళ్లలో జీతగాళ్లకు ఉన్న జబ్బే ఇది. బ్యాంకు వాళ్ల కాగితం మీద ఒక అంకె చూస్తారు, అక్కడే ఆగిపోతారు. ఆదాయం ఒక దారి మాత్రమే. ఇంకో బ్యాంకు కార్డు మీద మంచి పరిమితి ఉంటే దాన్ని చూసి ఇచ్చే బ్యాంకులున్నాయి. ఖాతాలో నిల్వ బాగుంటే పిలిచి మరీ ఇస్తారు. నా రిటర్నులో ఉన్నది 6 లక్షలే. పాత కార్డుకు 4 లక్షల పరిమితి ఉండటంతో దాన్ని చూపించి మూడేళ్ల క్రితం తీసుకున్నాను. కొట్టుకు సరుకంతా దాని మీదే కొంటాను. పోయిన వేసవిలో నేనూ మా ఇంటావిడా చెన్నై నుంచి సింగపూర్ వెళ్లొచ్చాం. టికెట్ల మీద కట్టింది పన్నులు మాత్రమే. రిటర్ను సంగతి నాకు తెలియదు, దాని జోలికి వెళ్లను. కార్డు మాత్రం వదలకండి.

పాత బ్యాంకు ఉద్యోగి:

గవర్నర్‌పేటలో ఒక బ్యాంకులో చాలాకాలం అప్పుల విభాగం చూసి పదవీ విరమణ చేశాను. విడిభాగాల బాబు చెప్పిన దారులు ఉన్న మాట నిజమే. కాకపోతే ఆయన కాలం వేరు. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీల రిస్కు వెయిటును బ్యాంకులకు 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. అంటే ప్రతి వంద రూపాయల కార్డు బాకీకీ బ్యాంకు మునుపటి కంటే ఎక్కువ మూలధనం పక్కన పెట్టుకోవాలి. ఆ తర్వాత గేటు దగ్గర జల్లెడ సన్నబడింది. మా రోజుల్లో మేనేజరు సంతకంతో సర్దుకుపోయేవి ఇప్పుడు కంప్యూటరు దగ్గరే ఆగిపోతున్నాయి.

స్కోరు 781 అంటే మీరు బాకీ సక్రమంగా కడతారని అర్థం. ఎంత కట్టగలరో ఆ అంకె చెప్పదు. ఆ రెండోదాని కోసమే ఆదాయం అడుగుతారు. ఈ తేడా తెలియక "నా స్కోరు 800, ఎందుకివ్వరు" అని కౌంటరు దగ్గర పోట్లాడినవాళ్లను చాలామందిని చూశాను.

ఫిక్స్‌డ్ డిపాజిట్ తాకట్టు పెడితే ఆదాయం అడగకుండా కార్డు ఇస్తారు. పరిమితి సాధారణంగా డిపాజిట్‌కు కొంచెం తక్కువగా ఉంటుంది. కానీ అలా ఇచ్చేవి ఎక్కువగా మామూలు కార్డులే. మీరు కోరుతున్న రకం ఆ దారిలో దొరకడం అరుదు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా లాంటి బాగా ఖరీదైన కార్డులకైతే బ్యాంకే మనుషుల్ని ఎంచుకుని పిలుస్తుంది. మీకు తగిన దారి, ఆరేళ్లుగా ఉన్న బ్యాంకులోనే ఒక మెట్టు పైకి అడగటం. నాలుగు చోట్ల ఒకేసారి దరఖాస్తు పెట్టకండి. పెట్టిన ప్రతి దరఖాస్తూ మీ సిబిల్ నివేదికలో కనబడుతుంది. నెలలో నాలుగు కనిపిస్తే చూసేవాడికి ఏమనిపిస్తుంది? డబ్బుకు కటకటగా ఉందనే కదా.

పన్నుల లెక్క:

అరండల్‌పేటలో రిటర్నులు వేసే పని నాది. ఆ కుర్రవాడి ఉపాయం ఈ మధ్య నా దగ్గరికి వారానికి ఒకరైనా తెస్తున్నారు. ఎందుకంటే 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు వర్తిస్తుంది, మామూలు ఆదాయం మీద పన్ను పడదు. చిన్న వ్యాపారులు అంచనా లాభం పద్ధతిలో రిటర్ను వేస్తే పద్దు పుస్తకాలు చూపనవసరం లేదు. రాబడిలో కనీసం 8 శాతం, డిజిటల్‌గా వచ్చినదానిపై 6 శాతం లాభంగా చూపితే సరిపోతుంది. ఎక్కువ చూపితే ఆ రోజు ఎవరూ అడగరు. దాంతో "చూపిస్తే ఏం పోయింది" అనిపిస్తుంది.

ఏం పోతుందో చెబుతాను. మాస్టారి ఆవిడ జాకెట్‌కు 400 తీసుకుంటారనుకుందాం. 10 లక్షల ఆదాయం రావాలంటే, దారం, బొత్తాలు, కరెంటు అన్నీ ఉచితమే అనుకున్నా, ఏడాదికి 2,500 జాకెట్లు కుట్టాలి. ఆదివారాలు, సంక్రాంతి కలుపుకుని రోజుకు ఏడు. బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు ఎక్కడ? రిటర్ను మీద "ఇది నిజం" అని ధ్రువీకరించేది ఆవిడ. లేని ఆదాయం చూపి అప్పు పరిమితి పొందితే అది బ్యాంకును మోసగించడమే. బాకీ కట్టినన్నాళ్లు ఎవరూ పట్టించుకోరు, కట్టలేని రోజున మొదట తీసేది ఆ కాగితమే.

ఇంకొకటి. మాస్టారి సంగతి వేరు కానీ, ఇది చదివే వేరేవాళ్ల కోసం చెబుతున్నాను. మన రాష్ట్రంలో రైస్ కార్డుకు 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం పట్టణాల్లో నెలకు 12,000, గ్రామాల్లో 10,000 దాటకూడదు. ఖరీదైన నల్ల క్రెడిట్ కార్డు కోసం ఉత్తుత్తి ఆదాయం రాయించుకుంటే తెల్ల కార్డుకు ఎసరు రావచ్చు.

మిర్చి యార్డు:

అమ్మా, అంత భయపెట్టకండి. ఆశపెట్టేది బ్యాంకులు, తిట్లు మాకా? మా వైపు కుర్రవాళ్లు తెలిసిన కొట్లో కార్డు గీకి, రెండు శాతం కమీషను ఇచ్చి నగదు తీసుకుంటారు. ఆ నగదుతోనే బిల్లు కడతారు. ఖర్చు పెరుగుతుంది, మైళ్లు వస్తాయి, పరిమితి కూడా పెంచుతారు. రిటర్ను అబద్ధం అక్కర్లేదు.

పన్నుల లెక్క:

మీరు చెప్పింది కార్డు షరతులకే విరుద్ధం. బ్యాంకు పసిగడితే కార్డు, మైళ్లు రెండూ పోతాయి. ఏడాదిలో ఒక బ్యాంకు కార్డుల బిల్లులు మొత్తం 10 లక్షలు, లేదా నగదు రూపంలో కట్టింది లక్ష చేరితే ఆ బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. 5 లక్షల ఆదాయం, 11 లక్షల కార్డు బిల్లు పక్కపక్కన కనబడితే నోటీసు రావచ్చు. దానికి జవాబు రాయడానికి మళ్లీ నా దగ్గరికే వస్తారు. నాకేం, ఫీజు తీసుకుని రాసిపెడతాను.

గన్నవరం ప్రయాణికురాలు:

అందరూ కార్డు ఎలా వస్తుందనే మాట్లాడుతున్నారు. వచ్చాక సంగతి నేను చెబుతాను. మాది విజయవాడ, పటమట. రెండేళ్ల క్రితం ఉద్యోగం మారినప్పుడు జీతం పెరిగింది, ఇలాంటి కార్డే వచ్చింది. అమ్మను తీసుకుని ఢిల్లీకి బయలుదేరాను. శంషాబాదులో మూడు గంటల విరామం. ముందు రోజు నుంచీ చెబుతున్నాను, "లాంజిలో వేడివేడిగా తిందాం, ఇంట్లోంచి ఏమీ కట్టకు" అని. అమ్మ వినలేదు, దిబ్బరొట్టె ముక్కలు కోసి స్టీలు డబ్బాలో పెట్టింది.

లాంజి గుమ్మం దగ్గర ఉన్నమ్మాయి కార్డు తీసుకుని యంత్రం మీద పెట్టింది. ఎర్ర గుర్తు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రదే. వెనక సూట్‌కేసుతో ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. "మేడమ్, ముందు మూడు నెలల్లో ఖర్చు సరిపోలేదని చూపిస్తోంది" అంది. ఆ షరతు మధ్యలో పెట్టారు, నాకొచ్చిన మెయిల్ నేను చదవలేదు. ఈ మధ్య చాలా బ్యాంకులు లాంజికి ఇలా త్రైమాసిక ఖర్చు షరతు పెట్టాయి. డబ్బు కట్టి వెళదామంటే అమ్మ ధర విని నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేసింది. గేటు పక్కన కుర్చీల్లో కూర్చుని దిబ్బరొట్టె తిన్నాం. అమ్మ ఆనందంగానే తింది. నాకే గొంతు దిగలేదు.

అందుకే మాస్టారికి ఒక్క ప్రశ్న. మీ ఇంటి ఖర్చులో ఆ కార్డు మీద పెట్టగలిగేది, పెడితే మైళ్లు వచ్చేది నిజంగా ఎంత? బ్యాంకు కాగితంలో "వీటికి పాయింట్లు రావు" అన్న చిన్న అక్షరాల పేరా ఉంటుంది, అది పక్కన పెట్టుకుని చూడండి.

బ్రాడీపేట వాసి:

రాత్రి ఖర్చుల నోటుపుస్తకం తీశాను. పోయిన నెలది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అద్దె 10,500. చీటీ 5,000. కిరాణా, పాలు, కూరగాయలు 8,500, అంతా యూపీఐ. పిల్లల ఫీజు, పుస్తకాలు 4,000. పెట్రోలు 2,200. కరెంటు, ఇంటర్నెట్ 1,800. మందులు, బట్టలు, మిగతావి 4,000. మొత్తం 36,000.

అద్దెకు, పెట్రోలుకు, కరెంటుకు మైళ్లు లేవని ఆ చిన్న అక్షరాలే చెబుతున్నాయి. చీటీ కార్డు మీద కట్టలేను. కిరాణా కొట్టులో గీకే యంత్రం లేదు, స్కానరు ఒక్కటే. రూపే క్రెడిట్ కార్డులే యూపీఐకి కలుస్తాయి, నేను చూసిన ట్రావెల్ కార్డు రూపే కాదు. పిల్లల ఫీజుకు మైళ్లు ఇస్తారనే అనుకున్నా, మందులు, బట్టలు, మిగతావాటితో కలిపి నెలకు 8,000, ఏడాదికి 96,000. వందకు 2 మైళ్ల చొప్పున 1,920. దానికి నేను కట్టేది 5,900 రూపాయలు. ఈ లెక్క పిల్లలకిస్తే ఇంటర్ మొదటి ఏడాది వాళ్లు కూడా నవ్వుతారు.

ఆటోనగర్ విడిభాగాలు:

మాస్టారూ, లెక్కలో ఒకటి వదిలేశారు. చేరగానే వచ్చే 2,500 మైళ్లు ఎక్కడ? కొన్ని కార్డుల్లో ఒక మైలుకు విమాన సంస్థ పాయింట్లు రెండొస్తాయి. మీ 1,920 కలిపితే మొదటి ఏడాదికి 4,420. రెట్టింపు చేస్తే 8,840 పాయింట్లు. సీటు దొరికితే ఒక మనిషికి హైదరాబాదు నుంచి కాశీకి ఒకవైపు టికెట్ వచ్చినా రావచ్చు. రెండో ఏడాది ఫీజు పడేలోపు మూసేయండి. బాకీ లేకుండా మూసేయమని అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 మీకే ఇవ్వాలి. అది 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. తెలివిగా వాడుకుంటే పోయేదేమీ లేదు.

పాత బ్యాంకు ఉద్యోగి:

నియమం ఉన్నమాట నిజం. కానీ బాబూ, ఆయనకు కార్డు ఇస్తేనే కదా మూయడం. మీకు కొట్టు ఉంది, సరుకు ఎలాగూ కొంటారు, మైళ్లు ఆ ఖర్చుకు కొసరు. ఆయన మైళ్ల కోసం ఖర్చు వెతుక్కోవాలి. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే వడ్డీ నెలకు మూడున్నర శాతం పైన, దాని మీద జీఎస్టీ. ఏడాదికి నలభై శాతం దాటుతుంది. ఆ ఒక్క పొరపాటుకు మీ సింగపూర్ టికెట్లు ఎన్ని సరిపోతాయి?

ఆటోనగర్ విడిభాగాలు:

పొరపాటు చేస్తారని ముందే అనుకుంటే ఎలాగండీ? ఆరేళ్లుగా గడువు దాటని మనిషి ఆయన. డబ్బు తక్కువున్నవాళ్లకు తెలివి కూడా తక్కువని మీ బ్యాంకులు అనుకుంటాయి, నా అభ్యంతరం అక్కడే.

పాత బ్యాంకు ఉద్యోగి:

ఆ మాట ఒప్పుకుంటాను. ముప్ఫై ఏళ్లు మేము చేసింది కొంత అదే.

బ్రాడీపేట వాసి:

అందరికీ నమస్కారం. రిటర్ను సంగతి ఇంట్లో తేలిపోయింది. మెషిను మీద పనిచేసుకుంటున్న మా ఆవిడకు ఇక్కడి లెక్క చదివి వినిపించాను. కాలు తీసి, కళ్లజోడు పైకి జరిపి, "రోజుకు ఏడు కుట్టానని నేను సంతకం పెట్టాలా? నిన్న ఒక్కదానికి లైనింగు కుదరక మూడుసార్లు విప్పాను" అంది. మళ్లీ మెషిను తొక్కింది.

నిన్న మా బ్యాంకుకు వెళ్లాను. ట్రావెల్ కార్డు అడిగితే ఆదాయం చాలదన్నారు, మర్యాదగానే. ఉన్న కార్డును ఒక మెట్టు పెంచి పరిమితి 1,60,000 చేస్తామన్నారు. ఫీజు 1,000, ఏడాదిలో లక్ష ఖర్చు చేస్తే అదీ మాఫీ. లాంజి లేదు. పుచ్చుకున్నాను. పాత బ్యాంకు ఉద్యోగి గారూ, మీరన్నట్టే అయింది. టికెట్ల డబ్బుకు ఈసారి చీటీ పాడుకుందామనుకుంటున్నాం.

విడిభాగాల వారికి మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేదని చెప్పాలి. 8,840 పాయింట్ల లెక్క మనసులోంచి పోవడం లేదు. జీతం పెరిగితే మళ్లీ మిమ్మల్నే అడుగుతాను.

ఆటోనగర్ విడిభాగాలు:

అడగండి మాస్టారూ. ఇంతకీ కాశీ ఎప్పుడు? కార్తీకంలో అయితే టికెట్ ధరలు మండిపోతాయి, పౌర్ణమి దాటాక చూసుకోండి.

గన్నవరం ప్రయాణికురాలు:

హైదరాబాదులో విరామం ఎక్కువుంటే అమ్మగారికి చక్రాల కుర్చీ టికెట్ తీసేటప్పుడే అడగండి, దానికి కార్డు అక్కర్లేదు. దిబ్బరొట్టె కూడా కట్టించుకోండి.