రోడ్డు మీద పోయేది మగాళ్ళే, భద్రత మాటలన్నీ ఆడాళ్ళకేనా?

బెంజిసర్కిల్:
2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. దగ్గర దగ్గర ఏడుగురిలో ఆరుగురు మగాళ్ళు. అదే ఏడాది ఆత్మహత్యలు 1,70,924, అందులో మగాళ్ళు 1,22,724. హత్యల్లో కూడా పదిమందికి ఏడుగురు మనవాళ్ళే. అయినా విజయవాడలో భద్రత మీద ఏ సభ పెట్టినా మహిళా భద్రతే. ఎందుకండీ?

పంచనామా:
బందరు రోడ్డు మీద సాయంత్రం ఓ అరగంట నిలబడి, హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందో లెక్కపెట్టండి. ఎక్కువసేపు తిరిగేవాడే ఎక్కువ పోతాడు. తలల లెక్క కాదు, తిరిగిన కిలోమీటర్ల లెక్క తీయండి. ఇక హత్యలంటారా, చంపిందెవరో కూడా చూడాలి. 2022లో ప్రపంచం మొత్తం మీద హత్యకు గురైన ఆడవాళ్ళలో సగానికి పైగా భర్త చేతిలోనో ఇంట్లోవాళ్ళ చేతిలోనో పోయారు. మగాళ్ళలో అలా పోయింది 12 శాతం దగ్గర.

వెనకసీటు:
మీరిద్దరూ ముందు సీటు దగ్గరే ఆగిపోయారు. బైకు మీద వెనక కూర్చునే మనిషికి మూడు ఉండాలని మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది: చేతిపట్టు, కాలు ఆన్చుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే గార్డు. బండి కొన్న వారానికే అందం పోతుందని ఆ గార్డు విప్పించేస్తారు. కొంగు చువ్వల్లో పడితే మనిషిని వెనక్కి లాగేస్తుంది. మెడ చుట్టూ వేసుకున్న చున్నీ అయితే ఉరే. ఒకపక్కకి కూర్చుంటే బరువంతా ఎడమకే, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరితే పడేది వెనక్కి, తగిలేది తల వెనకభాగం. నడిపేవాడికి హెల్మెట్, ఆవిడకి పూలు! హెల్మెట్ తప్పదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 ఇద్దరికీ ఒకటే.

తెనాలిడబ్బా:
గార్డు ఎడమవైపే ఉంటుంది. కుడివైపు కూర్చుంటే?

వెనకసీటు:
కుడివైపు సైలెన్సర్ ఉంటుంది స్వామీ. అక్కడ కాలుతుంది.

బెంజిసర్కిల్:
గార్డు బిగిస్తే ఎంతమంది బతుకుతారు? నేనడిగింది వేల ప్రాణాల సంగతి, మీరు చెప్పేది ఇనుప జాలీ సంగతి.

వెనకసీటు:
ఊడబీకిన జాలీ మళ్ళీ బిగించడానికి పావుగంట చాలదా? అదీ చెయ్యనివాళ్ళు వేల ప్రాణాల గురించి మాట్లాడుతున్నారు.

తెనాలిడబ్బా:
సగం అంటే పై సగమా, కింది సగమా?

పంచనామా:
బెంజిసర్కిల్ గారూ, తాగి, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని, వారధి మీద ఎనభైలో పోయేవాడి కోసం ఇంకేం సభ పెట్టమంటారు?

బెంజిసర్కిల్:
అదిగో, బయటపడింది! మగాడు పోతే వాడి ఖర్మ, వాడి నిర్లక్ష్యం. గుంతలో పడి జారినా ఎఫ్ఐఆర్‌లో రాసేది 'అతివేగం, అజాగ్రత్త' అనే. ఒకప్పుడు ఐపీసీ 304ఎ, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 106. చచ్చినవాడే ముద్దాయి, ముద్దాయి లేడు కాబట్టి కేసు మూత. గుంత ఎవరు పూడ్చలేదో ఎవడూ అడగడు. నా బాధ అంకెల గురించి కాదండీ, ఆ ఒక్క మాట గురించి.

క్లెయిమ్‌కాగితం:
ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ రోడ్డున పడతారు. తప్పు అవతలి బండిది అయితే ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లో దావా నిలబడుతుంది. తనంతట తాను జారిపడ్డవాడికి మిగిలేది పాలసీలో ఉండే ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా, 15 లక్షలు. అది రావాలంటే ఆర్‌సీ, పాలసీ రెండూ పోయినవాడి పేరు మీదే ఉండాలి, లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. బండి మామగారి పేరు మీద ఉండి అల్లుడు నడిపితే ఈ పద్దు కింద రాదు. థర్డ్ పార్టీ పాలసీ, అంటే అవతలివాళ్ళ నష్టానికే కట్టేది, ఒక్కటే ఉంటే వెనక కూర్చున్న భార్యకీ రాదు, అన్నీ కలిపిన ప్యాకేజీ పాలసీ ఉండాలి. చాలామంది చవకని మొదటిదే కడతారు.

పంచనామా:
సరే, గుంత మాట ఒప్పుకుంటాను. మరి నా మాటా వినండి. మీవాడు 'నిర్లక్ష్యం' కింద పోతే, ఆవిడ 'స్టవ్ పేలింది' కింద పోతుంది. 2001లో మన దేశంలో మంటల వల్ల పోయినవాళ్ళు 1,63,000 మందని పరిశోధకులు అంచనా కట్టారు. అది పోలీసు లెక్కకి ఆరు రెట్లు! అందులో 65 శాతం ఆడవాళ్ళు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ళ లోపు. పెళ్ళయి ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా పోతే శవ పంచనామా తహశీల్దారు స్థాయిలో జరగాలి, పోస్టుమార్టం తప్పదు. పంచనామాలో చూడాల్సింది స్టవ్‌ని. పేలితే ట్యాంకు అతుకు విచ్చుకోవాలి, గోడకి మసి పట్టాలి. ట్యాంకు చెక్కుచెదరకుండా ఉండి, జుట్టు మొదళ్ళలో కిరసనాయిలు వాసన వస్తే అది పేలుడేనా? అయినా నాలుగు సంతకాలు పడితే ప్రమాదమే. మీవాడు కనీసం అంకెలో ఉన్నాడు. ఈవిడ పడాల్సిన గడిలోనే లేదు.

బెంజిసర్కిల్:
అయితే ఇద్దరం తిట్టాల్సింది రాసేవాణ్ణే కదా, ఇంతసేపు నన్నెందుకు తిట్టారు?

పంచనామా:
మీరు మొదలెట్టింది 'ఆడాళ్ళకేనా' అని కాబట్టి.

బెంజిసర్కిల్:
ఆ మాట వెనక్కి తీసుకోను. క్లెయిమ్ గారూ, ఆ 15 లక్షలు నా పాలసీలో ఉన్నాయో లేదో ఎక్కడ చూడాలి?

క్లెయిమ్‌కాగితం:
ప్రీమియం వివరాల్లో 'పీఏ ఓనర్ డ్రైవర్' అన్న వరస, పీఏ అంటే వ్యక్తిగత ప్రమాద బీమా. ఎదురుగా సున్నా ఉంటే లేనట్టే.

బెంజిసర్కిల్:
సున్నా ఉంది.

తెనాలిడబ్బా:
పై సగమో కింది సగమో ఎవరూ చెప్పలేదు.