పావుగంట బిట్‌కాయిన్ పందెం: లెక్క తెలిసినవారికి అది వ్యాపారమవుతుందా?

తణుకు, ఇంజినీరింగ్ విద్యార్థి:
జరగబోయేవాటిపై డబ్బు పెట్టే పాలీమార్కెట్ అనే ఆన్‌లైన్ వేదికలో పావుగంటకొక ప్రశ్న తెరుస్తారు: ఈ పదిహేను నిమిషాలు ముగిసేసరికి బిట్‌కాయిన్ ధర మొదలైనచోటికన్నా పైన ఉంటుందా, కిందనా? ఒక్కో వాటా వెల సున్నాకీ డాలరుకీ మధ్య ఉంటుంది. మన వైపు నిజమైతే డాలరు వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. అంటే 52 సెంట్లకు కొన్నవారు నూటికి 52 సార్లకు మించి గెలిస్తే లాభమే. మా ఇంట్లో మాత్రం దీన్ని సంక్రాంతి బరిలో పై పందెంతో సమానం చేస్తున్నారు. బరిలో దిగే పుంజు గతాన్ని ఎవరూ రాసి ఉంచరు, ఇక్కడ ప్రతి సెకను ధరా నమోదై ఉంటుంది. కొలవగలిగినదాన్ని జూదమనడం న్యాయమేనా అని పెద్దలను అడుగుతున్నాను.

భీమవరం, ఆక్వా రైతు:
బాబూ, మీ లెక్క తప్పని నేననను, సగంలో ఆగిందంటాను. 200 సార్లు ఆడి 108 గెలిచారనుకోండి, 54 శాతం వచ్చిందని ధైర్యం కలుగుతుంది. నాణెం ఎగరేసినా 200 సార్లలో ఏడెనిమిది అటూ ఇటూ కావడం మామూలే. 52 శాతాన్ని అదృష్టం నుంచి విడదీసి చూడాలంటే కనీసం 2,500 పందేల ఫలితాలు చేతిలో ఉండాలి. పైగా అప్పటికే ఉన్న ధరకు కొనేవారి దగ్గర తీసుకునే రుసుము 50 సెంట్ల దగ్గరే అత్యధికం, మీరు ఎక్కువగా కొనేదీ అక్కడే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఫలితం తేలే తీరు. తీర్పు చెప్పేది మీరు ఫోన్లో చూసే ఎక్స్ఛేంజీ ధర కాదు, చైన్‌లింక్ అనే ధరల సమాచార సేవ అందించే ధర. ధర మొదలైనచోటే ఊగుతున్నప్పుడు చివరి సెకన్లలో ఆ రెండింటి మధ్య రెండు మూడు డాలర్ల తేడా ఉన్నా చాలు, తీర్పు తారుమారవుతుంది. ఆ ధరను మీకన్నా ముందు చదివే యంత్రమే అవతల మీకు వాటా అమ్ముతూ ఉంటుంది.

తణుకు, ఇంజినీరింగ్ విద్యార్థి:
యంత్రాల సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతులు ఎంత భయపడ్డారో మీకు తెలుసు. 100 కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) ధర ఫలానా మొత్తం కన్నా దిగుతుందా అనే మార్కెట్ ముందే ఉండి, దిగుతుందనే వైపు మీరు కొని ఉంటే, నష్టంలో కొంతైనా పూడేది కాదా?

భీమవరం, ఆక్వా రైతు:
అలాంటిది నమ్మకంగా నడిస్తే నేనే ముందు చేరతాను, ఎందుకంటే నా చెరువులో రొయ్య ఉంది. ధర పడితే రొయ్యల పట్టుబడిలో పోయినది అక్కడ కొంత వస్తుంది, ధర పెరిగితే అక్కడ పోయినది పట్టుబడిలో వస్తుంది. మేతకూ లీజుకూ అప్పు తెచ్చినవాడికి అది రాత్రి నిద్ర. పావుగంటలో బిట్‌కాయిన్ కదిలితే మీ ఇంట్లో దేనికి నష్టం వస్తుందని మీరు ఆ వాటా కొంటున్నారు? లేని భయానికి బీమా కడితే మిగిలేది పందెమే.

అమలాపురం, న్యాయవాది:
నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన మన చట్టం ముందు ఇప్పుడు నిలవదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు గెలుస్తామనే ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆ తేడా చూడకుండానే నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఇలా జరుగుతుందా లేదా అనే ప్రశ్నలపై డబ్బు పెట్టే ఒపీనియన్ ట్రేడింగ్ తన నియంత్రణలో లేదని, అక్కడ మదుపరులకు రక్షణ ఉండదని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అదే ఏడాది ఏప్రిల్‌లో హెచ్చరించింది. ఇక క్రిప్టో ఆస్తులపై లాభానికి 30 శాతం పన్ను ఉంది, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

తణుకు, ఇంజినీరింగ్ విద్యార్థి:
నా దగ్గర 2,500 ఫలితాలు లేవు, అందులో పదోవంతు కూడా లేవు. రోజుకు 96 పావుగంటల చొప్పున 26 రోజుల్లో సుమారు 2,500 ప్రశ్నలు గడుస్తాయి కాబట్టి, రూపాయి కూడా పెట్టకుండా కాగితం మీదే ఆడి, రుసుము తీసేసిన లెక్కను ఇక్కడ పెడతాను.

భీమవరం, ఆక్వా రైతు:
పెట్టండి, తప్పకుండా చదువుతాను. మీరు రాసుకున్న ధరకు ఆ క్షణంలో అమ్మేవారు నిజంగా ఉన్నారా లేదా అన్నది కూడా ప్రతి వరుసలో ఒక గడి కేటాయించి నమోదు చేయండి.