జంతువుల గుంపులకు తెలుగులో ప్రత్యేకమైన పేర్లు ఉన్నాయా?

ప్రశ్న (తార్నాక నుండి):
మా కాలనీ పిల్లలకు సంక్రాంతి సెలవుల్లో తెలుగు పదాల క్విజ్ పెట్టాలనుకుంటున్నాము. ఆంగ్లంలో సింహాల గుంపును ‘ప్రైడ్’ అనీ, కాకుల గుంపును ‘మర్డర్’ అనీ బడిలో నేర్చుకున్న పిల్లలు, మరి తెలుగులో ఏమంటారని అడిగితే, ‘గుంపు’, ‘మంద’ తప్ప నాకేమీ తోచలేదు. వాడుకలో ఉన్నవైనా, నిఘంటువుల్లో ఉన్నవైనా, సరదాగా కల్పించుకోదగినవైనా తెలియజేయగలరు. ఏది ఏ కోవకు చెందుతుందో కూడా దయచేసి చెప్పండి.

మలక్‌పేట నుండి:
వాడుకలో ఉన్నవే తక్కువేమీ కాదండీ. వరుస కట్టి సాగేవాటికి ‘బారు’ అంటాము: చీమల బారు, కొంగల బారు. మీద పడి పాడుచేసేవాటికి ‘దండు’. 2020 వేసవిలో మహారాష్ట్ర వైపు నుండి మన తెలంగాణ సరిహద్దుకు ముప్పు ఉందన్నప్పుడు అందరి నోటా వినబడింది ‘మిడతల దండు’ అనే మాటే. ‘మిడతల గుంపు’ అంటే ఆ భయం పలకదు. కోతులకు వాడే ‘మూక’లో మన విసుగు కూడా కలిసే ఉంటుంది. ఇక ‘మంద’ ప్రధానంగా కాపరి ఉన్న జీవాలది. పంట కోసిన చేలో రాత్రిపూట గొర్రెలను ఆపించి, వాటి పెంటికలు, మూత్రం నేలకు ఎరువుగా పడేలా చూడటాన్ని రైతులు ‘మంద పెట్టించడం’ అంటారు. అందుకు గొల్లకురుమలకు ధాన్యమో డబ్బో ముట్టజెబుతారు. కాబట్టి ఆ మాటలో గొర్రెలతో పాటు వ్యవసాయమూ ఉంది.

నల్లకుంట నుండి:
నిఘంటువు మాటకొస్తే, సంస్కృత పదకోశమే అయినా, అమరకోశాన్ని మించినది లేదు. అందులో పావురాల గుంపు కాపోతం, చిలుకలది శౌకం, నెమళ్లది మాయూరం, ఏనుగులది హాస్తికం, ఒంటెలది ఔష్ట్రకం, మేకలది ఆజకం. ఇవి చమత్కారం కోసం పుట్టినవి కావు. ‘తస్య సమూహః’ (దాని గుంపు) అనే పాణిని వ్యాకరణ సూత్రంతో మొదలయ్యే ప్రకరణాన్ని అనుసరించి, జంతువు పేరుకు ప్రత్యయం చేర్చగా ఏర్పడినవి. కపోతం కాపోతమైన తీరు ఒకసారి చూపిస్తే, మయూరం ఏమవుతుందో పిల్లలే చెప్పగలరు. కేబీఆర్ పార్కులో నెమళ్లను చూసి ‘మాయూరం’ అంటే పక్కవారికి అర్థం కాదన్నది వేరే సంగతి. అదే కోశం పశువుల గుంపును ‘సమజం’ అనీ, ఇతరుల గుంపును ‘సమాజం’ అనీ వేరు చేస్తుంది. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలకు ఈ రెండింటిలో ఏది తగునో నేను చెప్పను.

బోయిన్‌పల్లి నుండి:
కల్పించుకోవడానికి సంకోచం అక్కరలేదు. కాకులకు ‘మర్డర్’ అన్న పేరూ శాస్త్రజ్ఞులు పెట్టినది కాదు. 1486లో ఇంగ్లండులో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలో, వేట ముచ్చట్ల మధ్య ఇచ్చిన జాబితాలో అది కనిపిస్తుంది. ఆ జాబితా సన్యాసినులను కూడా వదలకుండా వెక్కిరించింది. మనకైతే నుడికారమే సగం పని చేసిపెట్టింది: కొంగల జపం, నక్కల వినయం, ఉడుముల పట్టు, మొసళ్ల కన్నీరు, పిల్లుల మొగ్గలు, కాకుల గోల. ఊసరవెల్లులకు ‘కూటమి’ అని నా ప్రతిపాదన. ఎన్నికల ఏడాదిలో దీనికి పిల్లల కంటే పెద్దలే ముందు చేయెత్తుతారు. దోమలకు ‘కచేరీ’ ఎందుకన్నది మూసీ దగ్గర ఉండేవారికి వివరించనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. వాడుక పదాలకు ఒక రౌండు, అమరకోశానికి ఒకటి, కల్పనలకు ఒకటి కేటాయిస్తాను. గాడిదలకు మాత్రం ఎవరూ ఏమీ సూచించలేదు.

బోయిన్‌పల్లి నుండి:
‘గాడిదల చాకిరీ’ ఉండనే ఉంది కదండీ. క్విజ్ నిర్వాహకుల బృందానికి కూడా అదే పేరు పెట్టుకోవచ్చు.