నెలవంకను కంటితో చూడాలా, లెక్కతో తేల్చాలా?

విజయనగరం, గంటస్తంభం దగ్గర పాల బూత్:
రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు వచ్చిందంటే నాకు గుబులు మొదలవుతుంది. మర్నాటి పాల ఇండెంటు సాయంత్రం ఆరింటిలోగా చెప్పాలి. నెలవంక కనబడితే మర్నాడే ఈద్, ఆ కబురు రాత్రి ఏడు దాటితే గాని తెలియదు. ఒక ఏడాది పండగ పాయసం షీర్‌ఖుర్మాకని రెట్టింపు పాలు తెప్పించాను. పండగ ఒక రోజు ఆలస్యమైంది, మిగిలిన పాలు కోవా చేసేవారికి సగం ధరకు పోశాను. గ్రహణం పట్టు విడుపులు నిమిషాలతో సహా పంచాంగంలో ముందే అచ్చవుతున్నప్పుడు, ఈద్‌ను మాత్రం ముందుగా ఎందుకు తేల్చకూడదు? టర్కీ లెక్కనే పాటిస్తోంది, ఉత్తర అమెరికా ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) కౌన్సిల్ కూడా 2006లో ఆ దారికే వచ్చింది.

బాబామెట్ట:
అన్నగారూ, మీ నష్టం నిజమే, మా ఇంటికి వచ్చేవీ మీ పాలే. అయితే అమావాస్య ఘడియను లెక్కకట్టడం వేరు, ఆ సాయంత్రం పడమట సన్నని వంక కంటికి ఆనడం వేరు. చంద్రుణ్ణి చూసి ఉపవాసాలు పట్టండి, చూసి విడవండి, మబ్బు కమ్మితే ముప్పై పూర్తి చేయండి అని ప్రవక్త ఆదేశం. అంటే మబ్బుకు కూడా అందులోనే జవాబుంది. మీకు అధికమాసం ఉన్నట్టు మాకు లేదు. నెలలను అలా జరపడాన్ని ఖురాన్ తొమ్మిదో అధ్యాయం నిషేధించింది. అందుకే 354 లేదా 355 రోజుల ఏడాదితో రంజాన్ దాదాపు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి వస్తుంది. మా నానమ్మ ఇఫ్తార్ ముగించి, చేతిలో ఖర్జూరపు గింజ అలాగే ఉండగా మేడ ఎక్కి, కొబ్బరాకుల సందున వెతికేది. కళ్లద్దాలు ఉన్నా మాకంటే ముందు ఆమెకే కనబడేది. ఆ రాత్రి ఫిత్రా (పండగ దానం) కూడా లెక్క చూసుకోవాలి, ఈద్ నమాజుకు ముందే అది పేదల చేతికి చేరాలి.

శ్రీకాకుళం:
లెక్క వేస్తే తగాదా తీరుతుందన్న నమ్మకం మా ఈస్టరును చూస్తే నిలవదు. క్రీ.శ. 325లో నైసియాలో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ అందరూ ఒకే రోజున జరుపుకోవాలని తీర్మానించింది. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అన్నది సూత్రం. 1582లో గ్రెగొరియన్ క్యాలెండరు వచ్చాక పాశ్చాత్య సంఘాలు ఒక లెక్కను, ఆర్థడాక్సు సంఘాలు చాలావరకు పాత జూలియన్ లెక్కను పట్టుకున్నాయి. 2024లో మాకు మార్చి 31న ఈస్టరైతే వారికి మే 5న అయింది. 2025లో మాత్రం ఏప్రిల్ 20న ఇద్దరికీ కలిసింది. ఎవరి లెక్కలోనూ కూడికలు తప్పలేదు, ఎవరి మాట చెల్లాలన్నదే తేలలేదు.

విజయనగరం, విశ్రాంత లెక్కల మాస్టారు:
యూదుల కథ ఇంకా విచిత్రం. పూర్వం వారు కూడా సాక్షులు చూసిన చంద్రుణ్ణి బట్టే నెల ప్రకటించి, కొండల మీద మంటలతో కబురు పంపేవారు. గిట్టనివారు దొంగ మంటలు వేయడంతో దూతలను నడిపించారు. దూత చేరలేని దూరాలవారు అనుమానానికి రెండు రోజులు పండగ చేసుకునేవారు. తర్వాత 19 ఏళ్లలో 7 అధికమాసాల లెక్క స్థిరపడి, వారి పస్కా పండగ వసంతంలోనే నిలిచింది, అనుమానమూ పోయింది. అయినా ఇజ్రాయెల్ బయట సంప్రదాయవాదులు పస్కా మొదలైన పండగలకు ఆ రెండో రోజును నేటికీ వదల్లేదు. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌ను మాత్రం ఒక్క రోజే ఉంచారు. సుమారు 25 గంటల కటిక ఉపవాసం వరసగా రెండుసార్లంటే మాటలు కాదు! మన ఏకాదశి స్మార్తులకు ఒకనాడు, వైష్ణవులకు మరునాడు రావడం మనకు కొత్తా?

పాల బూత్:
మాస్టారూ, పండగ తేదీ మార్చమని నేను పట్టుబట్టను. కానీ సూర్యుడి కంటే ముందే చంద్రుడు అస్తమించే ఇరవై తొమ్మిదో నాడు వంక కనబడదని లెక్కే చెబుతుంది కదా. కనీసం ఆ రోజున మధ్యాహ్నమే ఆ మాట చెప్పవచ్చు కదా?

బాబామెట్ట:
అలాంటి రోజున ఎవరైనా చూశామన్నా ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చవచ్చని కొందరు ఉలమాలు (మత పండితులు) కూడా అంటారు. అంతవరకు నాకూ సమ్మతమే. మిగిలిన ఏళ్లలో మాత్రం మీ ఇండెంటు నా ఫోను కోసం ఆగాల్సిందే.