చైనా ఎర్ర లక్క చెక్కుడు కూజాలు: మీ ఇళ్లల్లో ఉన్నాయా, ఎలా వచ్చాయి?

రంగూన్_మనవరాలు:
మా తాతగారు రంగూన్‌లో రైస్ మిల్లు గుమస్తా, 1938 అల్లర్ల తర్వాత స్టీమరెక్కి కాకినాడ వచ్చేశారు, వస్తూ ఈ కూజాల జత తెచ్చారంట. ఒళ్లంతా చెక్కుడే, కొండలూ, వంతెన మీద కర్ర పట్టుకున్న ముసలాయనా, చుట్టూ పూలూ. లోపలా అడుగునా నీలం ఎనామిల్, అడుగున ఇంగ్లీషులో చైనా అని ముద్ర. మా పెద్దత్త మాత్రం చైనా రాజుగారి కోటలోవే అంటుంది. ఇప్పుడు అన్నయ్యలిద్దరూ చెరొకటి తీసుకుంటామంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతసామాను_ప్రేమికుడు:
అక్కా, ముందు జత విడదీయనివ్వకండి. అమెరికావాళ్లు 1890లో మెకిన్లీ టారిఫ్ చట్టం తెచ్చి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాల్సిందే అన్నారు, ఇంగ్లీషు ముద్రలు అప్పట్నుంచే ఎక్కువయ్యాయి. నీలం ఎనామిల్ కూడా ఉందంటే చాలావరకు 20వ శతాబ్దంలో బీజింగ్ వర్క్‌షాపుల్లో ఎగుమతికి చేసినవే, కోటవి కావు. అయినా 1938కి ముందువని కాగితంతో తేలితే అదీ చిన్న విషయం కాదు.

ఏటికొప్పాక_బొమ్మ:
మన ఏటికొప్పాక లక్క పురుగు నుంచి వస్తుంది, చైనావాళ్లది చెట్టు పాలు. ఎర్ర రంగుకి ఇంగిలీకం అనే ఖనిజం పొడి కలిపి పల్చగా ఒక పూత వేసి, తేమ గాలిలో ఆరనిచ్చి, మళ్లీ పూత, ఇలా పదుల కొద్దీ, మంచి పనికి వంద దాటి కూడా వేస్తారు, ఆ మందం వచ్చాకే ఉలి పట్టేది. లెన్స్ పెట్టి చెక్కిన అంచు చూడండి, మామిడి తాండ్రలో లాగా పొరలు కనపడాలి. అచ్చులో పోసిన రెజిన్ అయితే అంచులు మొద్దుగా ఉంటాయి, అతుకు గీత కూడా దొరుకుతుంది. గీకి మాత్రం చూడొద్దు, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది.

సింగపూర్_శీను:
రాజముద్ర ఉన్నా వెంటనే నమ్మకూడదండి. చైనాలో మింగ్ వంశం కాలంలో యోంగ్లె చక్రవర్తి (1403-24) ముద్రని సూదితో గీసినట్టు సన్నగా వేసేవాళ్లు, తర్వాత షుయాండె చక్రవర్తి ముద్రని కత్తితో చెక్కి బంగారం నింపారు, కొన్నిటి మీద పాత ముద్రని కప్పేసి మరీ. నకిలీ ముద్రలకైతే లెక్కే లేదు. అందుకే వేలంవాళ్లు మొదట అడిగేది ఇది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందని. నేనొక పెట్టె కొన్నాను, దాంతోపాటు ఆ ఇంటి హాల్లో తీసిన పాత ఫోటో ఇచ్చారు, బల్ల మీద అదే పెట్టె, మూత మీద అదే పెచ్చు ఊడి ఉంది. వందమంది చెప్పిన కథల కన్నా నాకు ఆ ఫోటోనే గట్టి సాక్ష్యం. మీ ఇంటి పెళ్లి ఫోటోల్లో వెనకాల కూజాలు పడ్డాయేమో వెతకండి, ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేయండి.

పాతసామాను_ప్రేమికుడు:
శీను గారు కరెక్ట్. నాన్నగారు చెప్పేది, అత్తయ్య చెప్పేది విడివిడిగా తేదీతో రికార్డ్ చేయండి, రెండూ కలిపి ఒకే కథ చేసేయొద్దు. అన్నయ్యల్లో ఎవరైనా విదేశాల్లో ఉంటే ఇంకో మాట, వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు, వందేళ్లు నిండలేదంటే ఆర్కియాలజీ వాళ్ల సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుంటే మంచిది. తడిగుడ్డ, కొబ్బరినూనె, ఎండ ఈ మూడూ వద్దు, మెత్తటి బ్రష్ చాలు.

రంగూన్_మనవరాలు:
అందరికీ థ్యాంక్స్ అండి. లెన్స్‌తో చూశా, పొరలు ఉన్నాయి!! నాన్న ట్రంకుపెట్టెలో ఫోటోలు తీస్తున్నారు. జత విడదీయొద్దంటే చిన్నన్నయ్య సరేనన్నాడు, పెద్దన్నయ్య డల్లాస్ నుంచి వచ్చాక మాట్లాడదామన్నాడు.