తక్కువ మేఘమా, నేలబారు మబ్బా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. ఒక వాతావరణ సూచనను తెలుగు చేస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. చల్లని సముద్రపు తీరాల్లో వేసవి మొదట్లో తరచుగా వినిపించే సూచనే అది. ఒడ్డున రాత్రి, పొద్దున 'లో క్లౌడ్స్' (తక్కువ ఎత్తులో ఉండే మేఘాలు), ఇన్‌లాండ్‌లో (తీరానికి దూరంగా, లోపలి వైపు) బాగా ఎండ. మొదట నేను రాసుకున్నది ఇది: "తీరంలో తక్కువ మేఘాలు, మధ్యాహ్నానికి తెరిపి. లోతట్టు ప్రాంతాల్లో అధిక వేడి."

మళ్ళీ చదువుకుంటే ఏదీ సరిగ్గా లేదు. 'తక్కువ మేఘాలు' అంటే మేఘాలు కొద్దిగానే ఉంటాయని అనుకుంటారు. నిజానికి ఆకాశమంతా కప్పేసి ఉంటాయి, తక్కువగా ఉండేది వాటి ఎత్తు. ఇక 'లోతట్టు ప్రాంతాలు జలమయం' అని చదివీ చదివీ లోతట్టు అనగానే పల్లపు నేలే గుర్తొస్తోంది. తీరానికి దూరంగా, కొండలకి అవతల ఉన్న ఊరు పల్లంలోనే ఉండాలని లేదు కదా. మీరైతే ఎలా రాస్తారు?

ఒక సభ్యురాలు:
'తక్కువ' సంగతి తర్వాత. అసలు 'మేఘం' అనే మాటే ఇక్కడ వద్దంటానండి.

మేఘం 'మిహ్' ధాతువు నుంచి వచ్చింది. తడపడం దాని అర్థం. అమరకోశంలో మేఘానికి ఇచ్చిన పేర్లు చూడండి: వారివాహం, ధారాధరం, జలధరం, వారిదం, అంబుభృత్తు. వరసగా నీళ్ళే. కాకపోతే వాటిలో ఒక తేడా ఉంది. వారిదం నీళ్ళు ఇచ్చేది, జలధరం మోసేది. మీరు చెబుతున్నది మోసేదే గాని ఇచ్చేది కాదు. మహా అయితే సన్నటి తుంపర రాలుతుంది.

దాని పుట్టుకే అలాంటిది. కాలిఫోర్నియా, పెరూ, నమీబియా తీరాల పక్కన సముద్రంలో చల్లని ప్రవాహాలు ఉన్నాయి. ఆ నీటిని ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి బిందువులవుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. అక్కడ మాత్రం చల్లని గాలి మీద వెచ్చని పొడిగాలి మూతలా కూర్చుంటుంది. మూత ఉన్నందువల్ల ఆ మబ్బు పైకి పెరగలేక పరుపులా పక్కలకి పరుచుకుంటుంది. పలచటి పరుపు కాబట్టి గట్టి వాన కురవదు. 1802లో ల్యూక్ హోవర్డ్ అనే ఇంగ్లండు ఆయన మేఘాలకి లాటిన్ పేర్లు పెట్టినప్పుడు ఇలా పరుచుకునే రకాన్ని స్ట్రేటస్ అన్నాడు. పరుచుకున్నది అని దాని అర్థం.

మన 'మబ్బు' దీనికి ఎంత బాగా కుదురుతుందో చూడండి. మబ్బు అంటే మేఘం ఒక్కటే కాదు, మసక, చీకటి కూడా. నిద్రమబ్బు అంటాం, అందులో ఆకాశం ఎక్కడుంది? తెలంగాణలో 'మబ్బుల లేచిండు' అంటే తెల్లవారకముందే, చీకటితోనే లేచాడని. వెలుతురు తగ్గడమే ఈ మాటకి ప్రాణం. తీరం మీద జరిగేదీ అదే. వాన రాదు, వెలుతురు పోతుంది, అదీ చాలాసార్లు తెల్లవారుజామునే. ఒక్క మాటలో వస్తువూ వేళా రెండూ ఉన్నాయి. ఇది తలచుకుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

ఎత్తు చెప్పాలంటే 'నేలబారు' ఉండనే ఉంది. నేలబారు మబ్బు.

మరొక సభ్యుడు:
మబ్బు బాగుంది గాని, వాన లేనిదే మబ్బు అనే వాదన నిలవదండి. కారుమబ్బు మాటేమిటి? అది కుండపోతగా కురుస్తుంది. ఇంకో సందేహం, 'నేలబారు' అంటే నాసిరకం అనే అర్థం కూడా ఉంది. నేలబారు రాతలు అంటాం.

సభ్యురాలు:
కారుమబ్బు మంచి ఉదాహరణే. వాన తప్పదని చెప్పడానికి మబ్బు పక్కన 'కారు' చేర్చాల్సి వచ్చిందని నాకు అనిపిస్తుంది. ఉత్త మబ్బుకి ఆ పూచీ లేదు. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు అనే సామెత గుర్తు చేసుకోండి. కురుస్తుందన్న నమ్మకం లేదు కాబట్టే అక్కడ మబ్బు పడింది. అయినా మీరన్నది ఒప్పుకుంటాను, మబ్బంటే వాన లేనిదే అని గిరి గీయకూడదు.

నేలబారు విషయంలో భయం అక్కర్లేదు. రాతల పక్కన ఉంటే నాసిరకం, మబ్బు పక్కన ఉంటే ఎత్తు.

అడిగినవారు:
చాలా స్పష్టమైంది, ధన్యవాదాలు. పొగమంచు అంటే సరిపోదా అని కూడా ఒక ఆలోచన ఉండేది.

మరొక సభ్యుడు:
నేలని తాకితేనే పొగమంచు. కిలోమీటరు దూరం కూడా చూపు ఆనకపోతే వాతావరణ శాఖలవారు దాన్ని ఫాగ్ అంటారు. ఒడ్డున నిలబడ్డవాడికి నెత్తి మీద కనిపించే మబ్బే, పక్కన కొండ వాలు మీద ఉన్నవాడికి పొగమంచు. సూచన ఒడ్డు గురించే అయితే మబ్బు అనే రాయండి. మొగులు, మొయిలు కూడా చక్కని మాటలే. తమిళంలో ముగిల్, కన్నడంలో ముగిలు వీటికి చుట్టాలు. కాకపోతే మసక అనే అర్థం వాటిలో మబ్బులో ఉన్నంతగా లేదు.

'తెరిపి' మాత్రం మార్చండి. తెరిపి ఇచ్చేది వాన. మబ్బు విచ్చుతుంది, విడిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు బర్న్ ఆఫ్ అంటారని 'కాలిపోతుంది' అని రాసేరు! పొద్దెక్కి నేల కాగితే ఆ పరుపు అంచుల నుంచీ అడుగు నుంచీ పలచబడుతుంది. విచ్చడం అనే మాటలో అది కళ్ళకి కడుతుంది.

లోపలి ప్రాంతాలకి 'వేడి' కన్నా 'ఎండ' మేలు. అక్కడ ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. ఎండ, ఎండు రెండూ ఒక్క వేరువే. ఆ పొడిదనం మాటలోనే వచ్చేస్తుంది. 'ఉక్క' పొరపాటున కూడా వాడకండి, అది తేమతో వచ్చే బాధ.

సభ్యురాలు:
ఒక చిన్న మాట. రెండు వాక్యాల మధ్య 'కానీ' పెట్టకండి. అవి ఒకదానికొకటి ఎదురు కాదు. లోపలి నేల కాగి, అక్కడి గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటుకి సముద్రపు గాలి మబ్బుని వెంటబెట్టుకుని వస్తుంది. అక్కడి ఎండ కూడా ఇక్కడి మబ్బుకి ఒక కారణం.

అడిగినవారు:
ఇప్పుడు ఇలా రాశాను: "తీరం వెంబడి రాత్రి, పొద్దున నేలబారు మబ్బు పట్టి ఉంటుంది, మధ్యాహ్నానికి విచ్చుతుంది. తీరానికి దూరాన ఎండ తీవ్రంగా కాస్తుంది."

ఇన్‌లాండ్‌కి ఒక్క పొట్టి మాట ఇంకా దొరకలేదు. 'తీరానికి దూరాన' అర్థమవుతుంది గాని, పటంలో చిన్న గడిలో రాయాలంటే పొడుగు. ఎవరి ఊళ్ళోనైనా వాడుకలో మాట ఉంటే దయచేసి చెప్పండి.