రగ్బీ లీగ్‌లో ఫార్వర్డ్‌గా ఎదగాలంటున్న మా అబ్బాయిని ఎంతవరకు ప్రోత్సహించాలి?

అందరికీ నమస్కారం. సిడ్నీలో పదేళ్లుగా ఉంటున్నా, మా ఇంట్లో క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. మా అబ్బాయికి 15 ఏళ్లు. వాడి ఒంటి బలం చూసి కోచ్ ప్రాప్‌గా, అంటే ముందు వరుస ఫార్వర్డ్‌గా ఆడిస్తున్నారు. ఈ ఆటలో జట్టుకు 13 మంది, వాళ్లలో ఆరుగురు ఫార్వర్డ్‌లు ఉంటారు. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల మధ్యలోకి నేరుగా దూసుకెళ్లేది ముఖ్యంగా ప్రాప్‌లే. అందుకే నాకు టెన్షన్.

వాడికి సామ్ బర్జెస్ అంటే ప్రాణం. ఇంగ్లండ్ నుంచి 2010లో సౌత్ సిడ్నీ క్లబ్‌కు వచ్చిన ఫార్వర్డ్. 2014లో ఎన్‌ఆర్‌ఎల్ (ఇక్కడి అతి పెద్ద రగ్బీ లీగ్ పోటీ) ఫైనల్ మొదట్లోనే చెంప ఎముక విరిగినా 80 నిమిషాలూ ఆడాడు. 1971 తర్వాత ఆ క్లబ్‌కు అదే తొలి టైటిల్. మా వాడు ఆ వీడియో చూపించినప్పుడల్లా నాకూ కళ్లు చెమరుస్తాయి. కానీ భుజం గాయంతో 2019లో, 31 నిండకముందే అతను ఆట వదిలేయాల్సి వచ్చింది. అది నేను మర్చిపోలేను.

పోయిన సీజన్‌లో మా వాడికి తలకు దెబ్బ తగిలింది. రెండు రోజులు మగతగా ఉండి, నాలుగో రోజుకే ఆడతానని పట్టుబట్టాడు. నేను పంపలేదు. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పిల్లల్ని ఈ ఆటలో పెట్టినవాళ్లు దయచేసి చెప్పండి. తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఎప్పుడు, ఎవరి మాట మీద ఆడనిచ్చారు? హెచ్‌ఎస్‌సీ (ఇక్కడి పన్నెండో తరగతి) చదువు, ప్రాక్టీస్ రెండూ ఎలా నడిపారు? చివరికి క్లబ్ కాంట్రాక్ట్ రానివాళ్లు తర్వాత ఏ పనుల్లోకి వెళ్లారు?